ఊగుతుందా, ఊగదా?

ఏమండోయ్, మీ ఇంట్లో అగ్గిపెట్టె ఉందా? గ్యాసు లైటరొచ్చాక దేవుడి గూట్లో తప్ప ఇంకెక్కడా ఉండటం లేదంటారా? అదే పట్టుకురండి, దేవుడేమీ అనుకోడు. వస్తూ వస్తూ సైకిలు షాపులో మూరెడు వాల్వ్ ట్యూబు కూడా కొనుక్కురండి. ఈ రెండూ చేతిలో ఉంటే ఇవాళ మీకో గొప్ప వినోదం చూపిస్తాను.

ఈ విద్యని మన దేశంలో బడిపిల్లలకి అలవాటు చేసిన మహానుభావుడు అరవింద్ గుప్తా. అప్పట్లో పూణేలో లారీలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరాయన. 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు పాఠాల కార్యక్రమానికి వెళ్లాడు. ఊళ్లో దొరికే సరుకుతోనే బొమ్మలు చెయ్యాలి, అదీ పట్టుదల. అప్పుడు పుట్టినవే అగ్గిపుల్లల బొమ్మలు. ట్యూబుని చిన్న చిన్న ముక్కలు కొయ్యండి. పుల్ల తలమీది మందు గీకెయ్యండి. ముక్కకి ఇటొకటి, అటొకటి పుల్లలు దూర్చండి. అదే కీలు. మూడో పుల్ల కావాలా? ట్యూబు నడుముకి తుమ్మముల్లుతో చిల్లి పొడిచి దూర్చండి. నాలుగు పుల్లలు కలవాలంటే ఒక ముక్కకి పొడిచిన చిల్లిలోంచి ఇంకో ముక్కని అడ్డంగా లాగండి. పని కుదిరేదాకా వేళ్లు నొప్పి పుడతాయి. పుట్టనివ్వండి.

ముందు నాలుగు పుల్లలతో చతురస్రం. వేలితో తోయండి. చూశారా, ఎంత మర్యాదగా పక్కకి ఒరిగిందో! ఇప్పుడు మూడు పుల్లలతో త్రిభుజం. తోయండి. ఇంకా గట్టిగా తోయండి. పుల్ల విరుగుతుందేమో గానీ త్రిభుజం ఒరగదు. దాని మొండితనం దానిది. పెళ్లిపందిరి గుంజల మధ్య ఏటవాలుగా కర్రెందుకు కడతారో, కరెంటు టవరు నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో మీకిక వేరే చెప్పాలా?

ఇక గాల్లోకి లేపుదాం. పన్నెండు పుల్లలు తీసుకుని ఒక ఘనం కట్టండి. కట్టీకట్టకముందే కుప్పకూలుతుంది. విసుక్కోకండి. మళ్లీ పన్నెండే పుల్లలు తీసుకుని అష్టముఖి కట్టండి: నడుముకి నాలుగు పుల్లల చట్రం, పైనొక కొమ్ము, కిందొక కొమ్ము, ఆ రెంటి నుంచీ నడుము మూలలకి నాలుగేసి పుల్లలు. మొత్తం ఎనిమిది త్రిభుజాలు. బల్లమీద పెట్టి నొక్కండి. కదిలిందా? లేదు కదా! పుల్లలు అవే, లెక్కా అదే, అదే పన్నెండు. ఒకటి కూలింది, ఒకటి నిలిచింది. ఎందుకు?

ఈ ఎందుకుకి మొదటి మెట్టు వేసినవాడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. అవునండీ, విద్యుదయస్కాంత తరంగాల మాక్స్‌వెలే. 1864లో ఆయన చెప్పిన లెక్క వినండి. ఒంటరి బిందువుకి గాల్లో మూడు స్వేచ్ఛలు: ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ, పైకీ కిందకీ. పుల్ల ఒక్కొక్కటీ ఒక్కో స్వేచ్ఛని తినేస్తుంది, తన రెండు చివర్ల మధ్య దూరం మారకూడదని కట్టడి చేస్తుంది గనక. ఎన్ని పుల్లలు కట్టినా ఆరు స్వేచ్ఛలు మాత్రం మిగిలి తీరతాయి. బొమ్మ మొత్తాన్ని మీరు జరపొచ్చు, అందుకు మూడు. తిప్పొచ్చు, అందుకు మూడు. కాబట్టి శీర్షాల సంఖ్యని మూడుతో గుణించి ఆరు తీసెయ్యండి. కనీసం అన్ని పుల్లలు లేనిదే బొమ్మ నిలవదు. అష్టముఖికి ఆరు శీర్షాలు, పద్దెనిమిదిలో ఆరు పోతే పన్నెండు. సరిగ్గా సరిపోయింది! ఘనానికి ఎనిమిది శీర్షాలు, కావలసినవి పద్దెనిమిది. ఉన్నవి పన్నెండే. ఆరు తక్కువ. ఘనానికి ముఖాలెన్ని? ఆరు! ఒక్కో ముఖానికీ ఒక్కో కర్ణం బిగించండి, అప్పుడు కూలుతుందేమో చూద్దాం.

అక్కడితో ఆగితే కబుర్లెందుకు? ఇప్పుడు అయిలర్ గారిని పిలుద్దాం. బంతిలా మూసుకున్న ఏ బహుఫలకానికైనా శీర్షాల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే రెండు. హైస్కూల్లో బట్టీ పట్టాం కదా, ఎందుకో అప్పుడెవరం అడగలేదు. ముఖాలన్నీ త్రిభుజాలే అనుకోండి. ఒక్కో ముఖానికి మూడు అంచులు, ఒక్కో అంచుకి రెండు పక్కలా రెండు ముఖాలు. అంటే ముఖాల సంఖ్యకి మూడు రెట్లు, అంచుల సంఖ్యకి రెండు రెట్లు ఒకటే. దీన్ని అయిలర్ సూత్రంలో పెట్టి చూడండి. అంచులెన్ని వస్తాయి? శీర్షాలు మూడింతలు, మైనస్ ఆరు!

ఆగండాగండి. ఆ మాట మళ్లీ వినండి. అయిలర్ సూత్రంలో కదలడం, ఊగడం అన్న ఊసే లేదు. ఉత్త లెక్కింపు. మాక్స్‌వెల్ సూత్రం వంతెనల గురించి, బలాల గురించి. రెండూ వేర్వేరు వీధుల్లోంచి వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడ్డాయి. త్రిభుజాలతో బంతిలా మూసిన ఏ ఆకారానికైనా, మీరు ఎంత అడ్డదిడ్డంగా మూసినా సరే, గట్టిగా నిలవడానికి కావలసినన్ని అంచులే ఉంటాయి. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. వింశతిముఖికి పన్నెండు శీర్షాలు, ముప్ఫై అంచులు. లెక్క చూసుకోండి. నాకైతే ఇది చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. మీకు పులకరించలేదూ? అయితే ఇంకోసారి చదవండి, నేనిక్కడే ఉంటాను.

అంచుల లెక్క సరిపోయినంత మాత్రాన బొమ్మ నిలుస్తుందని మాత్రం అనుకోకండి. ఈ విద్యలో జంట అరటిపండ్లు అని పేరుపడ్డ ఒక తుంటరి బొమ్మ ఉంది. ఒక త్రిభుజం తీసుకుని పైనొక కొన, కిందొక కొన పెట్టి కలపండి: ఐదు శీర్షాలు, తొమ్మిది పుల్లలు. అదొక పండు. అలాంటిదే ఇంకోటి చేసి, రెంటి పై కొనలూ కలిపెయ్యండి, కింది కొనలూ కలిపెయ్యండి. ఎనిమిది శీర్షాలు, పద్దెనిమిది పుల్లలు. మాక్స్‌వెల్ లెక్కకి అచ్చంగా సరిపోయింది. కానీ వేలు పెట్టి తోస్తే రెండు పండ్లూ ఆ రెండు కొనల మధ్య ఇరుసు మీద తలుపు రెక్కల్లా తిరుగుతాయి! కావలసిన చోట పుల్ల లేదు, అక్కర్లేని చోట ఎక్కువైంది. మరి త్రిభుజాల బంతికి ఇలాంటి మోసం ఎందుకు జరగదు?

దీనికి జవాబు చెప్పినవాడు కోషీ. అప్పటికి కుర్రాడు. షెర్బుర్గ్ రేవు కట్టే పనుల్లో ఇంజనీరుగా ఉంటూ, లజాండ్ర్ ఇచ్చిన ప్రోత్సాహంతో బహుఫలకాల మీద పడ్డాడు. 1813లో వ్యాసం అచ్చయింది. ఆయన చెప్పింది ఇదీ: గుంటలూ నొక్కులూ లేని కుంభాకార బహుఫలకం ముఖాలు అవే ముక్కలుగా, అదే వరసలో ఉంచితే, దాన్నుంచి ఇంకో కుంభాకార ఆకారం కట్టడం కుదరదు.

రుజువు చెప్పకుండా మిమ్మల్ని వదలను. అంత అందమైంది. ముఖాలన్నీ త్రిభుజాలే అనుకుని, ఒకే ముక్కలతో రెండు కుంభాకార ఆకారాలు కట్టామనుకోండి. ఒక్కో అంచు దగ్గరా రెండు ముఖాల మధ్య కోణం పెరిగితే ప్లస్ రాయండి, తగ్గితే మైనస్. ఇప్పుడు ఒక శీర్షం చుట్టూ తిరిగి వస్తూ గుర్తు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. కుంభాకారం కావడం వల్ల కనీసం నాలుగుసార్లు మారి తీరాలి. కోషీ చూపించింది అదే. ఆయన చూపించిన తీరులో ఒక లోపం ఉంది, దాన్ని వందేళ్లు దాటాక స్టైనిట్స్ సరిదిద్దాడు. సరే, అన్ని శీర్షాలకీ కలిపి శీర్షాల సంఖ్యకి కనీసం నాలుగింతల మార్పులన్నమాట. ఇప్పుడు అవే మార్పుల్ని ముఖాల వైపు నుంచి లెక్కపెట్టండి. ప్రతి మార్పూ ఏదో ఒక త్రిభుజం మూలలోనే ఉంటుంది. త్రిభుజానికి మూడే అంచులు. మూడు గుర్తుల చుట్టూ తిరిగొస్తే మార్పు రెండుసార్లకి మించి జరగదు, కావాలంటే వేళ్ల మీద చూసుకోండి. త్రిభుజాల సంఖ్య అయిలర్ పుణ్యాన శీర్షాలకి రెండింతలు, మైనస్ నాలుగు. అంటే మార్పులు నాలుగింతలు మైనస్ ఎనిమిదికి మించవు. ఒకవైపు కనీసం నాలుగింతలు, ఇంకోవైపు దానికి ఎనిమిది తక్కువ. కుదురుతుందా? కుదరదు! కోణం మారని అంచులుంటే వాటిని చెరిపేసి ఇదే లెక్క మళ్లీ వేయొచ్చు. అంతే, రుజువైపోయింది.

ఒక ఆకారం ఊగుతుందా లేదా అన్న ప్రశ్నని ఒకే రాశిని రెండు వైపుల నుంచి లెక్కపెట్టి తేల్చేశాడండీ ఈ కుర్రాడు! 1916లో మాక్స్ డేన్ దీన్ని ఇంకా బిగించాడు. త్రిభుజాల కుంభాకార బహుఫలకంలో ముఖపు పలకలు కూడా అక్కర్లేదు, అంచుల పుల్లలు చాలు. పైగా అతి సన్నని వణుకుకి కూడా తావు లేదు.

కుంభాకారం కాకపోతేనో? గుంటలు పడితే? మీరు ఇది అడుగుతారని నాకు తెలుసు. మూసిన ఏ ఆకారమైనా చింపనంత వరకూ మారదని 1766లోనే అయిలర్ నమ్మాడు. 1897లో బ్రికార్ ఊగే అష్టముఖులు కనిపెట్టాడు గానీ వాటిలో ముఖాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, అట్టతో కట్టలేం. 1975లో హెర్మన్ గ్లక్ అన్నాడు: త్రిభుజాలతో బంతిలా మూసిన ఉపరితలాల్లో దాదాపు అన్నీ ఊగనివే. ఆ దాదాపు అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాని మీదే తర్వాత మేడ కట్టబోతున్నాం. రెండేళ్లు తిరిగేసరికి 1977లో రాబర్ట్ కానెలీ ఆ దాదాపులో మిగిలిపోయిన ఆకారాన్ని పట్టుకున్నాడు. పద్దెనిమిది త్రిభుజాలు, ఎక్కడా ఒకదాన్నొకటి కోసుకోవు, అయినా ఊగుతుంది. అయిలర్ నమ్మకం రెండు వందల ఏళ్ల తర్వాత వీగిపోయింది. ఆ తర్వాత క్లాస్ స్టెఫెన్ దాన్ని పద్నాలుగు త్రిభుజాలకి, తొమ్మిది శీర్షాలకి కుదించాడు. దళసరి అట్ట, కత్తెర, టేపు ఉంటే ఒక సాయంత్రంలో మీరే చేసుకోవచ్చు.

చేశారనుకోండి, ఇంకో వింత చూస్తారు. అది ఊగుతుంటే లోపలి గాలి బయటికి ఊదుతుందేమో, కొలిమి తిత్తిలా వాడుకోవచ్చేమో అని ఆశ పుడుతుంది. అబ్బే! ఎంత ఊపినా లోపలి ఘనపరిమాణం వీసమెత్తు మారదు. దీన్ని తిత్తి ఊహ అనే పిలిచేవారు. 1990ల నడుమ రష్యాలో సబితోవ్ నిరూపించాడు. త్రిభుజం భుజాలు తెలిస్తే వైశాల్యం చెప్పే హెరాన్ సూత్రం గుర్తుందా? దాన్నే సబితోవ్ బహుఫలకాల దాకా సాగదీశాడు. ఘనపరిమాణం ఒక బహుపదికి మూలం, ఆ బహుపది గుణకాలు అంచుల పొడవుల మీదే ఆధారపడతాయి. పొడవులు మారవు, మూలాలు లెక్కపెట్టదగినన్నే. ఒక మూలం నుంచి ఇంకో మూలానికి మెల్లగా జారడం కుదరదు కదా, అందుకని పరిమాణం ఉన్నచోటే ఉంటుంది. ఎంత చల్లటి మాట!

ఇక అసలు సంగతికి వద్దాం. అసలు సంగతి ఇంకా రాలేదా అని నిట్టూర్చకండి. విన్నాను.

ఇప్పటిదాకా పుల్లలు, అట్టలు, కోణాలు. అవన్నీ పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని కొన్ని పేర్లు రాయండి: క, ఖ, గ, ఘ. వాటిలో కొన్ని జతలు రాయండి, కొన్ని ముగ్గురేసి గుంపులు, కొన్ని నలుగురేసి గుంపులు. ఒక్కటే నియమం: కఖగ అనే గుంపు జాబితాలో ఉంటే కఖ, ఖగ, గక జతలు కూడా ఉండాలి. గుంపుతో పాటు దాని ముక్కలన్నీ రావాలి. అంతే, దీన్నే సింప్లీషియల్ కాంప్లెక్స్ అంటారు. జత అంటే అంచు, ముగ్గురంటే త్రిభుజం, నలుగురంటే చతుర్ముఖి. పొడవు లేదు, కోణం లేదు, ఎవరెక్కడున్నారో కూడా తెలియదు. ఉత్త జాబితా.

ఈ జాబితాల వాళ్లకి ఉన్న పెద్ద తాపత్రయం లెక్కపెట్టడం. ఇన్ని శీర్షాలుంటే కనీసం ఎన్ని అంచులుండాలి? మూడు మితుల్లో బంతి ఉపరితలానికి అయిలరే ఖచ్చితమైన సంఖ్య ఇచ్చేశాడు, బేరానికి చోటే లేదు. నాలుగో మితిలోకి అడుగుపెట్టగానే స్వేచ్ఛ వస్తుంది. అక్కడి బహుఫలకం పైతొడుగు చతుర్ముఖులతో అతికి ఉంటుంది, ఒకే శీర్షాల సంఖ్యకి అంచులు ఎక్కువో తక్కువో ఉండొచ్చు. ఎంత తక్కువ? ఆ గీత ఎక్కడుందో ముందే ఊహించినవాళ్లున్నారు. 1970ల మొదట్లో డేవిడ్ బార్నెట్ నిరూపించాడు: నాలుగు మితుల్లో శీర్షాలు నాలుగింతలు మైనస్ పది. ఐదు మితుల్లో ఐదింతలు మైనస్ పదిహేను. దానికన్నా తగ్గవు.

ఇప్పుడు మీరు చెప్పండి. నాలుగు మితుల్లో బిందువుకి స్వేచ్ఛలెన్ని? నాలుగు. మొత్తం బొమ్మకి మిగిలే స్వేచ్ఛలెన్ని? జరపడానికి నాలుగు, తిప్పడానికి ఆరు. పది! నాలుగింతలు మైనస్ పది. ఇది మాక్స్‌వెల్ లెక్కే కదండీ!

1987లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలోని గిల్ కలాయ్ ఈ పోలిక దగ్గర ఆగలేదు. ఆయన వ్యాసం పేరులోనే దృఢత్వం ఉంది, కనిష్ఠ పరిమితి ఉంది. ఆ జాబితాలోని పేర్లని నాలుగు మితుల్లో ఏ ప్రత్యేకమైన అమరికా లేకుండా చల్లి, జతలకి పుల్లలు కట్టండి. ఆ చట్రం ఊగకపోతే పుల్లలు కనీసం నాలుగింతలు మైనస్ పది ఉండి తీరాలి, లేకపోతే ఊగేది. కాబట్టి లెక్కపెట్టే బాధే లేదు, ఊగదని చూపిస్తే చాలు. గ్రోమోవ్ కూడా విడిగా ఇదే దారి పట్టాడు.

ఊగదని ఎలా చూపించాలి? ఇక్కడ నా మాట విని కాస్త నెమ్మదిగా చదవండి. ఒక శీర్షాన్ని ఎంచుకోండి, క అనుకుందాం. దాన్ని ఆనుకున్న చతుర్ముఖుల్లో కకి ఎదురుగా ఉన్న త్రిభుజాలన్నీ కలిస్తే దాని చుట్టూ ఒక త్రిభుజాల బంతి ఏర్పడుతుంది. దాన్ని క లింక్ అంటారు. త్రిభుజాల బంతి అనగానే మనకి కోషీ, డేన్, గ్లక్ ఉన్నారు: ప్రత్యేకమైన అమరిక లేకుండా చల్లితే మూడు మితుల్లో అది ఊగదు, గ్లక్ అన్న దాదాపుకి అర్థం అదే. ఇప్పుడు క అనే శీర్షాన్ని ఆ బంతిలోని ప్రతి శీర్షానికీ పుల్లలతో కలపండి. మూడు మితుల్లో ఊగనిదాన్ని ఇలా కొత్త బిందువుతో కలిపితే నాలుగు మితుల్లో ఊగదు. వాల్టర్ వైట్లీ పేరుతో చెప్పుకునే కోన్ లెమ్మా ఇది. అంటే క, దాని పొరుగువాళ్లూ కలిసి నాలుగు మితుల్లో ఒక బిగుసుకున్న కట్టు.

ఇక పక్క శీర్షం ఖ దగ్గరికి రండి. దానికీ ఒక బిగుసుకున్న కట్టు ఉంది. క, ఖ రెండూ ఏదో ఒక చతుర్ముఖిలో కలిసే ఉంటాయి. ఆ చతుర్ముఖికి నాలుగు మూలలు. ఆ నాలుగూ రెండు కట్లలోనూ ఉన్నాయి! మూడు మితుల్లో రెండు రాళ్లని ఒకే వరసలో లేని మూడు చోట్ల అతికిస్తే అవి విడిగా కదలగలవా? లేదు. నాలుగు మితుల్లో నాలుగు చోట్ల అతికితే కదలవు. కట్టుకి కట్టు అతుక్కుంది. ఖ నుంచి గ, గ నుంచి ఘ... అంచుల వెంట నడుచుకుంటూ పొండి, బొమ్మ మొత్తం ఒకే రాయిగా బిగుసుకుపోతుంది. ఇక ఐదో మితికి నాలుగో మితి మెట్టు, ఆరోదానికి ఐదోది. మెట్లు ఎక్కుతూ పోవడమే. మొదటి మెట్టు మాత్రం మూడో మితే కావాలి. రెండో మితిలో త్రిభుజాల బంతి బదులు ఉత్త వలయం ఉంటుంది, మన అగ్గిపుల్లల చతురస్రంలాగే అది ఒరిగిపోతుంది.

షెర్బుర్గ్ రేవులో పనిచేసిన కుర్రాడి బహుఫలకాలు ఎవరూ కళ్లతో చూడలేని మితుల్లో అంచుల లెక్క తేల్చాయి. ఇంతకన్నా ఏం కావాలండీ మనిషికి!

ఊగడం అన్న మాటే లేకుండా, ఉత్త లెక్కింపుతో ఈ సిద్ధాంతానికి రుజువు కావాలనేవాళ్లూ ఉన్నారు. మన బెంగళూరులో భాస్కర్ బాగ్చీ, బాసుదేబ్ దత్తా 2008లో అలాంటిది అచ్చువేశారు. ఇంకా విశాలమైన కాంప్లెక్సులకి కూడా పనికొస్తుందది. చక్కటి పని. అయినా నాకు ఆ వేలితో తోసి చూసే రుజువంటేనే మక్కువ. ఈ విషయంలో మీరు నాతో వాదించినా నేను మారను.

సరే, కనీసం కన్నా ఎక్కువ అంచులుంటే ఆ అదనం ఏమవుతుంది? వృథా పోతుందనుకున్నారా? బల్లమీద చతురస్రం పెట్టి రెండు కర్ణాలకీ రెండు చీపురుపుల్లలు బిగించండి. తలంలో నాలుగు బిందువులకి ఐదు పుల్లలు చాలు, మీ దగ్గర ఆరున్నాయి. ఆరోది ఒక పిసరు పొడుగ్గా కోసి బలవంతంగా దూర్చండి. దూరింది గానీ, ఇప్పుడు బొమ్మ అంతా బిర్రుగా ఉంది కదూ? కర్ణాలు రెండూ నలుగుతున్నాయి, నాలుగు భుజాలూ లాగబడుతున్నాయి. కీలు దగ్గర నొక్కుడూ లాగుడూ సరిగ్గా కొట్టేసుకుంటాయి గనక ఏదీ కదలదు. బయటి నుంచి ఎవరూ తోయకపోయినా లోపల ప్రతిబలం ఉంది. అదనపు పుల్ల ఒక్కొక్కటీ ఇలాంటి స్వతంత్రమైన ప్రతిబలాన్ని ఒక్కోటి తెస్తుంది. ఊగని చట్రంలో అదనపు అంచుల సంఖ్యా, ప్రతిబలాల సంఖ్యా ఒకటే.

పీటర్ మెక్‌ముల్లెన్ 1971లో ఒక పెద్ద ఊహ చేశాడు. ఇలా త్రిభుజాలు, చతుర్ముఖుల లాంటి ముక్కలతోనే కట్టిన బహుఫలకంలో శీర్షాలు, అంచులు, త్రిభుజాలు, ఇంకా పైవి ఎన్నెన్ని ఉండొచ్చో తేల్చే సంఖ్యల వరసని రాశాడు. జీ ఊహ అంటారు. ఆ వరసలో రెండో సంఖ్య ఏంటో తెలుసా? మన అదనపు అంచుల లెక్కే! ప్రతిబలాల లెక్క సున్నాకి తగ్గదు కదా, ఆ సంఖ్యా తగ్గదు. మిగతా సంఖ్యల కోసం 1980లో రిచర్డ్ స్టాన్లీ బీజరేఖాగణితం నుంచి బరువైన పనిముట్లు మోసుకొచ్చి కుంభాకార బహుఫలకాలకి పని పూర్తిచేశాడు. ఏ సంఖ్యలు కుదురుతాయో వాటన్నిటికీ బహుఫలకాలు నిజంగా ఉన్నాయని బిల్లెరా, లీ కట్టి చూపించారు. కుంభాకార బహుఫలకంగా కట్టడం కుదరని గోళాలకి మాత్రం నలభై ఏళ్లు ఆగాల్సొచ్చింది. 2018 చివర్లో కరీమ్ అదిప్రసీటో ఒక నిరూపణ బయటపెట్టాడు, 2020లో పాపడాకిస్, పెట్రోటు ఇంకో దారి చూపించారు.

బంతి సంగతి అయింది. గారె సంగతేంటి? నవ్వకండి, నడుమ చిల్లున్న ఉపరితలం గురించే అడుగుతున్నాను. గారె మీద త్రిభుజాలు పరిస్తే అయిలర్ లెక్క రెండు కాదు, సున్నా. అప్పుడు అంచులు శీర్షాలకి సరిగ్గా మూడింతలు. మాక్స్‌వెల్ గీతకి ఆరు ఎక్కువ! 1949లో హంగరీకి చెందిన చాసార్ ఏడే శీర్షాలతో గారె ఆకారపు బహుఫలకం కట్టాడు. ఏడు శీర్షాలు, పద్నాలుగు త్రిభుజాలు, ఇరవై ఒక్క అంచులు. అందులో ఏ రెండు శీర్షాలనైనా కలిపే అంచు ఉంది, ఖాళీ జత ఒక్కటీ లేదు. మాక్స్‌వెల్ అడిగింది పదిహేనే. మిగిలినవి ఆరు. రెండు చిల్లుల గారె వండండి, అదనం పన్నెండు. చిల్లుకి ఆరు చొప్పున, ఎప్పుడూ తప్పదు. 1988లో కార్నెల్‌లో ఫోగెల్సాంగర్ థీసిస్ రాస్తూ, మూసిన ఉపరితలం ఎన్ని చిల్లులతో ఉన్నా, బిందువుల్ని ప్రత్యేకత లేకుండా చల్లితే దాని పుల్లల చట్రం ఊగదని తేల్చాడు. అంటే ఒక్కో చిల్లూ ఆరేసి ప్రతిబలాల్ని లోపల దాచుకుంటుందన్నమాట.

మీకు ఇంకొక్క మనిషిని పరిచయం చెయ్యాలి, లేకపోతే నాకు నిద్రపట్టదు. హిల్డా గైరింగర్. 1893లో వియన్నాలో పుట్టింది. తలంలో పుల్లల చట్రం ఎప్పుడు ఊగదు? శీర్షాలు రెండింతలు మైనస్ మూడు పుల్లలుండాలి, పైగా ఏ చిన్న గుంపు తీసినా ఆ గుంపులో కూడా ఇదే లెక్కకి మించి పుల్లలుండకూడదు. అంటే పుల్లలు ఒకచోట గుమిగూడి ఇంకోచోట కరువు కాకూడదు. ఈ రెండు షరతులూ చాలునని 1927లో బెర్లిన్‌లో ఉన్నప్పుడు ఆవిడ నిరూపించింది. 1933లో నాజీలు రాగానే ఉద్యోగం పోయింది. ఇస్తాంబుల్, అక్కణ్నుంచి అమెరికా. ఆ వ్యాసాన్ని అందరూ మరిచిపోయారు. 1970లో నెదర్లాండ్స్‌లో లామన్ దాన్ని మళ్లీ కనిపెట్టాడు, సిద్ధాంతానికి ఆయన పేరే స్థిరపడింది. ఇప్పుడిప్పుడే ఆవిడ పేరు కూడా ముందు చేర్చి రాస్తున్నారు. మీరూ అలాగే చెప్పండి, పిల్లలకి అలాగే నేర్పండి.

మూడు మితుల్లో అలాంటి షరతు ఏదీ ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. మూడింతలు మైనస్ ఆరు అని లెక్క కట్టి, ఏ గుంపులోనూ మించకూడదని షరతు పెట్టి చూడండి, జంట అరటిపండ్లు రెంటినీ దాటుకుని వచ్చి మీ ముందు హాయిగా ఊగుతాయి. కంప్యూటరుకి ఒక చట్రాన్ని ఇస్తే బిందువులకి యాదృచ్ఛికంగా స్థానాలిచ్చి ఊగుతుందో లేదో చిటికెలో చెప్పేస్తుంది. ఎందుకు ఊగుతుందో పుల్లల జాబితా చూసి చెప్పమంటే మాత్రం మాక్స్‌వెల్ నుంచి ఇప్పటిదాకా జవాబు లేదు. త్రిభుజాలతో మూసిన ఉపరితలాలకి తెలుసు, తలానికి తెలుసు. మామూలు పుల్లల గుంపుకి, మనం నిత్యం మెసిలే ఈ మూడు మితుల్లోనే, తెలియదు. మీ అగ్గిపెట్టెలో ఇంకా పుల్లలు మిగిలాయి కదా? ముందు ఆ రెండు అరటిపండ్లూ కట్టండి. ఏ పుల్ల తీసి ఎక్కడ పెడితే ఊగడం ఆగుతుందో చూసి, రేపు నాకు చెప్పండి.